లొట్టిలో పాలపుంత

ఫాల్గుణ మాసపు సాయంత్రం. మోదుగులు ఆకులన్నీ రాల్చేసుకుని, నిప్పుకణికల్లాంటి పూలతో నిలువెల్లా మండుతున్న వేళ. హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు పోయే రహదారి మీద హయత్‌నగర్ వెనకబడి, ఔటర్ రింగురోడ్డు కూడా దాటాక, అబ్దుల్లాపూర్‌మెట్ పొలిమేరలో ఒక మట్టిబాట పక్కకు చీలుతుంది. నాలుగడుగులు నడిస్తే చాలు, లారీల హోరు సన్నగిల్లి తేనెటీగల రొదలో కలిసిపోతుంది. ముందు ఎర్రచెల్క. దాని అంచున, చెరువు నీళ్లు తాగి సేదతీరుతున్న ఏనుగుల మందలా బూడిదరంగు రాతిగుండ్లు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట నేల కడుపులో చల్లారి గడ్డకట్టిన దక్కన్ గ్రానైట్ అది. పగలంతా తాగిన ఎండను ఇప్పుడు వెచ్చని ఊపిరిలా మెల్లమెల్లగా వదులుతోంది. గుండ్ల సందుల్లో మోడువారిన సీతాఫలం పొదలు. గట్టు వెంట వరసకట్టి నిలబడ్డ తాళ్లు.

చూపు ఒక మాను వెంట పైకి పాకనివ్వండి. నల్లగా, గరుకుగా, ఏటికేడు రాలిపోయిన మట్టల గుర్తులను కడియాల్లా తొడుక్కున్న మాను. అరవై అడుగుల పైన, విసనకర్రలన్నీ ఒక్కచోట గుదిగుచ్చినట్టు ఆకుల కిరీటం. గాలి వీచినప్పుడల్లా ఎండుటాకులు గలగలమంటాయి, ఎక్కడో దూరంగా వాన పడుతున్నట్టు. ఆకు కొసలకు గిజిగాళ్ల నిరుటి గూళ్లు బంగారు సొరకాయల్లా ఊగుతున్నాయి. తాటాకు అడుగున ఉమ్మితో గూడు అంటించుకుని బతికే కొడవలిరెక్కల చిన్నపిట్టలు ఆకాశాన్ని సన్నని నల్లగీతలుగా కోస్తున్నాయి. నారింజరంగు పొద్దు గుండ్ల వెనక్కి ఒరుగుతోంది. ఆ కిరీటం నడుమ, మట్టల చాటున, పొగచూరిన మట్టిలొట్టి ఒకటి వేలాడుతోంది.

ఈ రాత్రి కథంతా ఆ లొట్టిలోదే.

గాయంలోంచి ఊట

కింద మోకు మానుకు ఒరుసుకున్న చప్పుడు. గౌడన్న నడుముకు ముత్తాదు బిగించి, మోకును మూర మూర పైకి జరుపుకుంటూ, చెట్టును కౌగిలించుకున్నట్టే ఎక్కుతున్నాడు. మట్టల మధ్య ఒదిగి నిలబడి గీతకత్తి తీశాడు. ఇది పోతుతాడు. ముంజలు కాయదు, పండ్లు రాల్చదు. వేళ్లు చాచిన చేతుల్లాంటి గోధుమరంగు గెలలు మాత్రం వేస్తుంది. వాటిని రోజుల తరబడి నొక్కి, నలిపి, కట్టగట్టి మెత్తబరిచి ఉంచాడు. ఇప్పుడు ఆ కొసన ఉల్లిపొరంత పలచని బిళ్లను గీశాడు. లోపలి కండ లేత దంతపు రంగులో తళుక్కుమంది.

కాసేపు ఏమీ జరగదు. తర్వాత గాయం చెమరుస్తుంది. ఆ తడి ఒకచోటికి చేరుతుంది, గుండ్రబడుతుంది, బరువెక్కుతుంది, అస్తమించే పొద్దును తలకిందులుగా తనలో ఇముడ్చుకుని ఒక్క క్షణం వణుకుతుంది. జారి లొట్టిలో పడుతుంది. ఆ వెనకే ఇంకొకటి. నేల లోతుల్లోంచి వేళ్లు తోడుకొచ్చిన నీరూ, పగలంతా ఆకులు పట్టిన ఎండా ఆ చుక్కలో ఒక్కటయ్యాయి. కన్నీటిలా తేటగా ఉంటుంది. నాలుక మీద వేసుకుంటే చెరకుపాలకు చెల్లెలు. నూటికి పది పాళ్లకు పైగా చక్కెరే.

దీన్ని ఇలాగే తియ్యగా నిలపాలనుకుంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. సున్నపు ఘాటులో పులుపు పుట్టదు. అలా దింపిన నీరాను అమ్మడానికే హైదరాబాద్ నెక్లెస్ రోడ్డున 2023లో నీరా కేఫ్ తెరిచారు. ఈ చెట్టు మీది లొట్టికి మాత్రం సున్నం లేదు. తలుపులు బార్లా తెరిచిన సత్రంలా అది రాత్రి అతిథుల కోసం ఎదురుచూస్తోంది.

రాత్రి అతిథులు

ముందుగా వచ్చేవి చీమలు, మానుమీద కదిలే ఎర్రని దారపు పోగులా. వెలుగు పూర్తిగా పోకముందే తేనెటీగలు, పసుపు నలుపు చారల కందిరీగలు వాలి, గాయం అంచున మూతులు ఆనించి తాగి లేస్తాయి. మసక పడుతుండగా ఆవగింజంత పండుఈగలు వస్తాయి. ఎర్రని కళ్లు, తేనెరంగు ఒళ్లు, గాలికే ఎగిరిపోయే బతుకు. ఆపైన తోలురెక్కల విసురు. పండ్లు తినే గబ్బిలం ఒకటి వచ్చి గెలకు తలకిందులుగా వేలాడి, గులాబీరంగు నాలుకతో తీపిని నాకి, మళ్లీ చీకట్లోకి కరిగిపోతుంది. ఏ జాముకో పునుగుపిల్లి మెత్తని అడుగులతో మానెక్కుతుంది. కల్లులొట్టి మీద దానికున్న మక్కువ చూసి ఇంగ్లీషువాళ్లు దానికి టాడీ క్యాట్ అనే పేరు పెట్టారు. ఆ టాడీ అన్న మాటా తాటిచెట్టుకు హిందీలో ఉన్న పేరులోంచి పుట్టిందే.

వచ్చినవాళ్లెవరూ ఒట్టి చేతులతో రారు. ఈగ కాళ్ల నూగులో, కందిరీగ కడుపులో, గబ్బిలం మూతి తడిలో, మాను బెరడు పగుళ్ల నుంచి గాలికి లేచిన ధూళిలో కంటికి ఆనని ప్రయాణికులు ఉంటారు. లొట్టి మట్టిగోడ సూక్ష్మరంధ్రాల్లో నిన్నటి మడ్డితో పాటు మిగిలిపోయి, తీపి చుక్క కోసం కునుకు తీస్తున్నవాళ్లూ ఉంటారు. వీటిని మనం ఈస్టులు అంటాం. పుట్టగొడుగుల వంశమే. కానీ గొడుగూ కాడా ఏమీ లేకుండా, ఒక్క కణంతోనే సంసారం నడుపుకునే శిలీంధ్రాలు.

ఆ ఒక్క కణం దగ్గర కాసేపు ఆగుదాం. సూక్ష్మదర్శిని కింద చూస్తే పల్చటి గోడ వెనక వెలుతురు నిండిన కోడిగుడ్డులా ఉంటుంది. ఒక మిల్లీమీటరు పొడవున ఇలాంటివి దాదాపు 200 వరసగా పట్టేస్తాయి. తీపి తగలగానే దాని అంచున చిన్న బొడిపె లేస్తుంది, కొమ్మకు మొగ్గ పొడిచినట్టు. మొగ్గ ఉబ్బుతుంది. తల్లి తన జన్యువులకు నకలు తీసి దానిలోకి పంపుతుంది. పిల్ల విడిపోయి పక్కకు జరుగుతుంది. విడిపోయిన చోట తల్లి ఒంటి మీద గుండ్రని మచ్చ నిలిచిపోతుంది, బొడ్డు కోసిన గుర్తులాగా. కాన్పుకొక మచ్చ. ఇరవై ముప్పై కాన్పుల దాకా అలా మచ్చలు మోస్తూ బతికి, తల్లికణం చివరికి ముసలిదై రాలిపోతుంది. ఆకలీ అడ్డంకీ లేని చోట ఒక్కో కాన్పుకు 90 నిమిషాలు చాలు. పొద్దుగూకే వేళ లొట్టిలో పడ్డ ఒక్క కణం తెల్లారేసరికి 256 కావచ్చు. పడ్డది ఒకటి కాదు, వేలు.

తీపి కోసం తిరునాళ్లు

లొట్టిలో ఇప్పుడు తిరునాళ్లు మొదలైంది. ముందుగా సందడి చేసేవి నిమ్మకాయల్లా రెండు కొసలా సూదిగా ఉండే చిన్న ఈస్టులు. హాన్సెనియాస్పోరా వాటి పేరు. చురుకైనవి, పూల వాసనలు చిమ్మేవి. కానీ మత్తుకు తట్టుకోలేవు. వాటి పక్కన పిచియాలు, క్యాండిడాలు. ఇంకా చిన్నవైన జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా చక్కెరను మత్తుగా మార్చే పనిలో చేయి వేస్తుంది. పాలను పెరుగు చేసే లాక్టిక్ బ్యాక్టీరియా చుట్టాలు ఒక మూల పులుపు పుట్టిస్తుంటాయి. ఈ గుంపులోనే గుండ్రంగా, నెమ్మదిగా కనిపించే అసలు ఆసామి ఉంది. పేరు శాకరోమైసిస్ సెరివిసియే. శాకరోమైసిస్ అంటే చక్కెర శిలీంధ్రం, సెరివిసియే అంటే బీరుకు చెందినది.

దీని ఎత్తుగడ వింతైనది. చక్కెరను పూర్తిగా కాల్చుకుని ఉన్న బలమంతా పిండుకోవడం దానికి చేతనవును. అయినా తీపి దండిగా ఉన్నప్పుడు అలా చేయదు. గాలి ఆడుతున్నా సరే, తొందర తొందరగా సగంలోనే ఆపి, మిగతాదాన్ని ఆల్కహాలుగా బయటికి వదిలేస్తుంది. ఆ ఆల్కహాలు ఇరుగుపొరుగులకు విషం. నిమ్మకాయ ఈస్టులు సొమ్మసిల్లుతాయి, చాలా బ్యాక్టీరియా వెనక్కి తగ్గుతుంది. లొట్టిలో పోటీ తగ్గాక, తీపి అడుగంటాక, మన ఆసామి మెల్లగా తాను వదిలిన ఆల్కహాలునే మళ్లీ తినడం మొదలుపెడుతుంది. ముందు శత్రువుల మీద వాడిన కత్తితోనే తర్వాత కూర తరుక్కున్నట్టు. సుమారు 10 కోట్ల ఏళ్ల కిందట, భూమ్మీద పూలూ కండగల పండ్లూ విరివిగా వస్తున్న రోజుల్లో, దీని పూర్వీకుల్లో జన్యువులన్నీ ఒక్కసారిగా రెట్టింపయ్యాయి. అదనంగా వచ్చిన ఆ ప్రతుల్లో కొన్ని ఈ విద్యకు పదును పెట్టాయని శాస్త్రవేత్తలు అంటారు. డైనోసార్లు తిరుగుతున్న అడవిలో, రాలిన పండు మీద నేర్చుకున్న విద్య ఇవాళ అబ్దుల్లాపూర్‌మెట్ తాటిచెట్టు మీద నడుస్తోంది.

అదే లొట్టిలో మొగ్గలు తొడగని ఈస్టు కూడా ఉండొచ్చు. చిన్న కడ్డీలా పొడుగ్గా పెరిగి, సరిగ్గా నడుమ అడ్డుగోడ కట్టుకుని, విరిచిన చెరకుముక్కలా రెండైపోతుంది. 1893లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ లిండ్నర్ తూర్పు ఆఫ్రికా చిరుధాన్యపు బీరులో దీన్ని గుర్తించి, స్వాహిలీ భాషలో బీరుకున్న పేరుతో పోంబే అని పిలిచాడు. తాటిజాతి చెట్ల కల్లులోనూ ఇది కనిపించింది. కణం ఎప్పుడు, ఎలా రెండవుతుందన్న రహస్యాన్ని లీలాండ్ హార్ట్‌వెల్ మొగ్గల ఈస్టులో, పాల్ నర్స్ ఈ కడ్డీ ఈస్టులో విప్పి చూపారు. 2001 నోబెల్ బహుమతి అందుకున్నవారిలో వీరిద్దరూ ఉన్నారు. లోకం చేతులెత్తి మొక్కిన ఆ రెండు జీవులూ కల్లులొట్టిలో ఇరుగుపొరుగులు.

అర్ధరాత్రి దాటింది. లొట్టి కొద్దిగా వేడెక్కింది. తేటనీరు మసకబారి, తర్వాత పాలవన్నెకు తిరిగింది. ఆ తెలుపంతా జీవమే. కోట్లాది కణాలు తేలుతూ, మునుగుతూ, మొగ్గలు వేస్తూ వెన్నెల ముద్దలా వెలుగుతున్నాయి. అడుగు నుంచి సన్నని బుడగల తీగలు పైకి లేచి, మూతి దగ్గర నురగ పూలుగా విచ్చుకుంటున్నాయి. చెవి ఆనిస్తే వినిపిస్తుంది. పొయ్యి మీద ఎసరు కాగబోయే ముందు వచ్చే సుయ్యిమనే సన్నని పాట. తల పైకెత్తితే తాటాకుల సందుల్లో ఆకాశపు పాలపుంత. దించితే లొట్టిలో మరొకటి.

చక్కెర శిలీంధ్రం పుట్టిల్లు

ఈ గుండ్రని చిన్నజీవి ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరి బిడ్డ? దాని కణంలో 16 క్రోమోజోములు, వాటి నిండా సుమారు 1.2 కోట్ల జన్యు అక్షరాలు, 6 వేల దాకా జన్యువులు. కేంద్రకం ఉన్న జీవుల్లో జన్యుగ్రంథాన్ని ఆసాంతం చదివింది మొదట దీనిదే, 1996లో. 2018లో నేచర్ పత్రికలో ఇంకా పెద్ద గ్రంథాలయం తెరుచుకుంది. ఫ్రాన్స్‌లో పనిచేసే శాస్త్రవేత్తలు జోసెఫ్ షాకరర్, జాన్నీ లిటి బృందాలు ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన 1,011 శాకరోమైసిస్ సెరివిసియే రకాల జన్యువులను పక్కపక్కన పెట్టి చదివాయి. ద్రాక్షసారా ఈస్టులు, రొట్టె ఈస్టులు, జపాన్ సాకే ఈస్టులు, ఆఫ్రికా తాటిజాతి కల్లు ఈస్టులు, ఓక్ చెట్ల బెరడు మీదివి, మట్టిలోవి, ఈగల ఒంటివి.

వాటిని వంశవృక్షంగా పేర్చి చూస్తే, అందరికంటే దూరంగా, పాతకొమ్మ మీద విడిగా నిలబడ్డవి తైవాన్ ఈస్టులు. మొత్తం వృక్షం వేళ్లు తూర్పు ఆసియా వైపే, చైనా పరిసరాల వైపే చూపించాయి. అక్కడి నుంచి అది చెట్టు నుంచి చెట్టుకు, పురుగు నుంచి పండుకు లోకమంతా పాకింది. దారిలో మనుషులు ఎక్కడికక్కడ, ఒకరికొకరు తెలియకుండానే, దాన్ని మచ్చిక చేసుకున్నారు. పెంపుడు ఈస్టులు రకరకాల పాత్రల్లో, రకరకాల పిండుల్లో ఒదిగాయి. బీరు ఈస్టుల్లో చాలావాటికి తరతరాల పెంపకంలో అడవి బతుకు మరపున పడింది. ఆకలేసినప్పుడు సిద్ధబీజాలుగా మారి దాక్కోవడం, మరో కణంతో జతకట్టడం వాటికి చేతకాదు. పుట్టినప్పటి నుంచి గానుగకే తిరిగిన ఎద్దును అడవిలో విడిచిపెడితే ఎలా ఉంటుందో అలా.

అడవి ఈస్టు అలా కాదు. తీపి అయిపోయిందా, తన సంచిలో నాలుగు సిద్ధబీజాలు కట్టుకుని, గట్టి గోడల మధ్య ముడుచుకుని పడుకుంటుంది. ఎండకు మాడినా, పురుగు కడుపులో పడ్డా ప్రాణం పోకుండా, ఎప్పుడో ఒకనాడు తీపి తగిలేదాకా కాచుకుంటుంది. ఇటలీ శాస్త్రవేత్తలు 2012లో దాని ఓ అందమైన దాగుడుమూత బయటపెట్టారు. శరదృతువులో ద్రాక్షపండ్లను కొరికిన కందిరీగ రాణి, చలికాలమంతా ఏ పగులులోనో నిద్రపోతూ, ఈస్టును కడుపులోనే దాచిపెట్టుకుంటుంది. వసంతంలో గూడు కట్టి పిల్లలకు మేత పెట్టేటప్పుడు దాన్ని వాటి నోళ్లలోకి అందిస్తుంది. వారసత్వంగా వచ్చే పెరుగు తోడులాగా, తోట నుంచి తోటకు, ఏడు నుంచి ఏడుకు.

ఈగలను పిలిపించుకోవడం దానికి ఇంకా బాగా తెలుసు. బెల్జియంలో కెవిన్ వెర్‌స్ట్రెపెన్ అనే పరిశోధకుడి దగ్గర, చాలా ఏళ్ల కిందట, పక్క ప్రయోగశాల నుంచి తప్పించుకున్న పండుఈగలు ఈస్టు ఫ్లాస్కుల్లోకి చొరబడ్డాయి. అవి చేరింది అరటిపండు వాసన గుప్పుమనే ఈస్టు ఉన్న ఫ్లాస్కులోకే. వాసన పుట్టించే జన్యువును తీసేసిన ఈస్టు జోలికి పోలేదు. ఆ వింతను పట్టుకుని పరీక్షిస్తే, 2014లో లెక్క తేలింది. ఈస్టు తన పరిమళంతో ఈగను రప్పించుకుంటుంది, ఈగ ఒంటికి అంటుకుని మరో పండుకు పోతుంది. అంటే మన లొట్టి నుంచి రాత్రంతా గాలిలో తేలుతున్న ఆ పండిన అరటి, పనస, పూల వాసన ఈస్టు ఈగకు రాసుకున్న ఆహ్వానపత్రిక. మనుషులు దాన్ని అనుకోకుండా చదివారు, ముగ్ధులయ్యారు.

దూరపు చుట్టాలు

లొట్టి నుంచి కాసేపు చూపు పైకి లేపి, సముద్రాల మీదుగా తిప్పుదాం. మలేసియా వర్షారణ్యం. పచ్చని చీకటి, ఆకుల చివర్ల నుంచి కారే ఆవిరి. అక్కడ బెర్తామ్ అనే తాటిజాతి చెట్టు పూగుత్తుల్లో తేనె ఊరుతుంది, ఊరుతూనే పులుస్తుంది. పూలే లొట్టిలు, చెట్టే మండువ. ఈకలాంటి తోకతో, మెరిసే నల్లకళ్లతో పిడికెడంత జంతువు ఒకటి రాత్రి కాగానే వచ్చి ఆ పూలమీద వాలి తాగుతుంది. ఉడుతను పోలిన ఆ జంతువు ట్రీష్రూ. ఆ తేనెలో ఆల్కహాలు 3.8 శాతం దాకా ఉంటుందని, అయినా అది మత్తెక్కి తూలదని 2008లో జర్మన్ పరిశోధకులు రాశారు. ఆ పూల ఈస్టుల్లో మన శాకరోమైసిస్ సెరివిసియే కూడా ఉంది. 2009లో జన్యువులు చదివినప్పుడు అది మిగతా లోకం నుంచి విడిపోయిన స్వచ్ఛమైన అడవి వంశమని తేలింది. క్రోమోజోముల అమరికే మారిపోవడంతో బయటి చుట్టాలతో జతకట్టినా సంతానం సరిగా నిలవనంత ఒంటరిది. మనిషి గెలను గీయకముందే, లొట్టి కట్టకముందే, తాటిజాతి చెట్లకూ ఈ జీవికీ సంబంధం కుదిరిందన్నమాట.

ఇంకా దూరం. దక్షిణ అమెరికా కొస, పటగోనియా. మంచు అంచున బీచ్ చెట్ల అడవి. ఆ కొమ్మల కణుపుల మీద నారింజరంగు గుండ్రని బూజుకాయలు పుడతాయి, దీపావళికి వేలాడదీసిన బుల్లి దీపాల్లా. తీపితో నిండి నేల రాలితే పులిసిన వాసన. వాటి లోపల 2011లో డియెగో లిబ్‌కిండ్ బృందం కనిపెట్టిన చలి ఈస్టు, శాకరోమైసిస్ యూబయానస్. లోకమంతా తాగుతున్న లాగర్ బీరును పులియబెట్టే ఈస్టు ఒక సంకరజీవి. దానికి తల్లిదండ్రుల్లో ఒకరు సెరివిసియే, రెండోవారెవరో అంతవరకూ ఎవరికీ తెలియదు. ఆ తప్పిపోయిన అడవిచుట్టం ఇదే. తర్వాత టిబెట్ పీఠభూమి మీదా దొరికింది. ఎక్కడి అడవి, ఎక్కడి పీపా.

ఈ చుట్టరికం మన ఇళ్ల దాకా కూడా వచ్చింది, మత్తుతో సంబంధం లేని దారిలో. 20వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లో చెస్ట్‌నట్ చెట్టు కార్చిన స్రావంలో, తర్వాత కాలిఫోర్నియా ఓక్ చెట్ల స్రావంలో పిచియా పాస్టోరిస్ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఈస్టు దొరికింది. చెట్టు గాయాన్ని నమ్ముకుని బతికే జీవి. ఆ తెగ ఈస్టులోనే హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను తయారుచేసి, 1997లో శాన్‌వాక్-బి పేరుతో విడుదల చేసింది. జన్యుసాంకేతికతతో మన దేశంలో తయారైన మొదటి టీకా అది. ఎక్కడో ఒక చెట్టు గాయం మీద తీపి కోసం చేరిన అనామక కణం, వేల మైళ్ల దూరాన పసిపిల్లల కాలేయానికి కాపలా కాసింది.

తెల్లవారుజాము

తూర్పున గుండ్ల అంచులు గులాబీరంగు తాగుతున్నాయి. గబ్బిలాలు వెళ్లిపోయాయి. రాత్రి తడికి మెత్తబడిన తాటాకులు ఇప్పుడు చప్పుడు చేయడం లేదు. మోకు మళ్లీ మానును ఒరుసుకుంది. గౌడన్న లొట్టి విప్పి, నురగను ఊదకుండా, కదపకుండా, కన్నపిల్లను ఎత్తుకున్నంత జాగ్రత్తగా నడుముకు తగిలించుకుని దిగాడు.

ఎత్తు ఎప్పుడూ ప్రాణాలతో చెలగాటమే. గీత కార్మికులు జారిపడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచం కిట్లను 2024 జూలై 14న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మొదటిసారి పంచింది ఈ అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోనే, లష్కర్‌గూడలో, తాటివనం నీడన. కాటమయ్య గౌడుల కులదైవం. కిట్టుకు ఆ పేరు పెట్టడంలో తాడుకూ దేవుడికీ ఒక్కటే పని అన్న నమ్మకం ఉంది.

చెట్టు కింద నిలబడి లొట్టి వంచి, మొదటి ధార నేల మీద పోశాడు. ఎల్లమ్మకు సాక. ఎర్రమట్టి తెల్లని నురగను చప్పరించి తాగేసింది. తర్వాత తాటాకు రేకలో రెండు దోసిళ్లు పోసి నా చేతికందించాడు.

“పొద్దుగాల్ది తియ్యగుంటది. పొద్దెక్కినంక గుంజుతది. మాపటికైతే ఇగ పులుపే,” అన్నాడు.

శాస్త్రం పుటలు పుటలుగా చెప్పినదాన్ని మూడు ముక్కల్లో తేల్చేశాడు. పొద్దున తీపి ఇంకా మిగిలి ఉంటుంది, ఈస్టులు సగం దారిలో ఉంటాయి. పొద్దెక్కాక చక్కెర తరిగి మత్తు నాలుగైదు శాతానికి చేరుతుంది. సాయంత్రానికి వెనిగర్ బ్యాక్టీరియా వచ్చి ఆ మత్తునూ పులుపు చేసేస్తుంది. రేక అంచున నాలుక ఆనిస్తే, మొదట చల్లని తీపి, తర్వాత సన్నని చురుకు, చివర పండిన అరటి లాంటి తావి. పొడి మందులు కలిపి తెల్లగా చేసే కల్తీ కల్లులో ఈ తావి ఉండదు. అక్కడ తెలుపు ఉంటుంది, పాలపుంత ఉండదు.

రేక చేతిలో పట్టుకుని చుట్టూ చూశాను. గట్టుకు అవతల చెల్కలో సున్నం కొట్టిన హద్దురాళ్లు వరసగా పాతి ఉన్నాయి. ఇంకో వెంచరు. హద్దు లోపల మూడు తాళ్లు తలలు లేకుండా నిలబడ్డాయి. తాటిచెట్టు కొడితే ముంజలు పోతాయని, గిజిగాడి గూళ్లు పోతాయని మనకు తెలుసు. ఆ మాను పగుళ్లలో, ఈ నేల ఎండకూ ఈ నేల ఈగలకూ ఏళ్ల తరబడి అలవాటుపడ్డ కంటికానని కులాలు కూడా ఉంటాయి. చలికాలం ఈతచెట్టు గాయం మీద, ఫాల్గుణంలో పోతుతాటి గెల మీద, ఎండల్లో ఆడతాటి మీద, వానల్లో రాలిన సీతాఫలం మీద, చేయీ చేయీ పట్టుకుని ఏడాదంతా నడిచే కులాలు. వాటికి చెట్టే ఊరు.

గౌడన్న లొట్టి అడుగున మిగిలిన మడ్డిని మాను మొదట్లో విదిలించాడు. లొట్టిని కడిగి తోమలేదు. బోర్లించి రెండు దెబ్బలు తట్టి, మళ్లీ నడుముకు కట్టుకున్నాడు. దాని మట్టిగోడల్లో నిన్నటివాళ్లు కొందరు ఇంకా ఉన్నారు, సాయంత్రపు మొదటి చుక్క కోసం. విదిలించిన మడ్డి మీద నిమిషంలో చీమలు మూగాయి. ఆవగింజంత పండుఈగ ఒకటి ఆ నురగలో కాళ్లు తడుపుకుని, రెక్కలు దులుపుకుని లేచింది. గాలి అప్పుడు బాటసింగారం వైపు వీస్తోంది. గడ్డిఅన్నారం నుంచి తరలివచ్చిన పండ్ల మార్కెట్ అక్కడుంది. కొత్త మామిడికాయలు దిగుతున్న రోజులు. ఈగ ఎండలో బంగారు నలుసులా ఒక్కసారి మెరిసి, కాళ్లకంటిన లోకాన్ని మోసుకుంటూ అటే పోయింది.